ఒమేగా సీమాస్టర్ 55 వేలు చెప్తున్నారు: డయల్ ఒరిజినలేనా, బేరం ఎక్కడ మొదలెట్టాలి?

నల్లకుంట_నాని:
అందరికీ నమస్కారం. ఇక్కడ చాన్నాళ్ళుగా చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదలు. వచ్చే నెల మా నాన్న షష్టిపూర్తి. మా తాతయ్యకి ఒక ఒమేగా ఉండేదట, మా మేనత్త పెళ్ళికి డబ్బులు చాలక అమ్మేశారు, నాన్న అప్పుడు డిగ్రీలో ఉన్నాడు, ఇప్పటికీ ఆ వాచీ మాటొస్తే ఎడమ మణికట్టు తడుముకుంటాడు. అలాంటిదొకటి కొని ఆ రోజు చేతికి పెట్టాలని నా ఆశ. నిన్న పాతబస్తీలో ఒక చిన్న కొట్టులో సీమాస్టర్ కనపడింది. స్టీల్ కేసు, ఆటోమేటిక్, మూడు దగ్గర తేదీ. డయల్ మాత్రం పాలలా తెల్లగా మచ్చ లేకుండా ఉంది, ముళ్ళలో పచ్చ రేడియం ఉంది, లైటార్పితే బాగా వెలుగుతోంది కూడా. 55 వేలు చెప్పాడు, ఫుల్ ఒరిజినల్ అన్నా పైసా తగ్గదు అంటాడు. వెనక మూత తీసి చూపించమంటే తీస్తే వాటర్‌ప్రూఫ్ పోద్ది అన్నాడు. ఫోటోలు ఐదు పెట్టాను, దయచేసి చూసి చెప్పండి. నా దగ్గర మొత్తం 45 ఉన్నాయి, అది కూడా చీటీ పాడితే వచ్చినవి.

డెక్కన్_డయల్:
రీడయల్, అంటే డయల్ మళ్ళీ రాయించింది. రెండో ఫోటో చాలు. వదిలెయ్ బ్రదర్.

నల్లకుంట_నాని:
అంత ఖచ్చితంగా ఎలా చెప్తున్నారన్నా? నాకు రెండు గంటలు చూసినా ఏం తెలీలేదు.

లోలకం:
నాని గారూ, డెక్కన్ అన్నది నిజమే గానీ ఎందుకో తెలిస్తే మీకు రేపు ఇంకో వాచీ దగ్గర కూడా పనికొస్తుంది కాబట్టి కొంచెం విడమరిచి చెప్తా. మీ రెండో ఫోటో పెద్దది చేసి "సీమాస్టర్" అని రాసిన చోట చూడండి. ఫ్యాక్టరీ అచ్చు అయితే అక్షరం అంచు బ్లేడుతో కోసినట్టు ఉంటది, సన్నగా మొదలైన గీత సన్నగానే అయిపోద్ది. మీ దాంట్లో మొదటి అక్షరం తోక లావుగా ఉంది, చివర ఇంకు కాస్త పాకినట్టుంది. తర్వాత ఆరు అంకె కింద చూడండి. ముళ్ళలో రేడియం ఉన్న వాచీ 1960ల నడుమ తర్వాతదైతే "స్విస్ మేడ్" కి అటూ ఇటూ చిన్న టీ అక్షరాలు ఉండాలి, అది వెలిగే పూతలో ట్రిటియం అనే పదార్థం వాడారు అని చెప్పే గుర్తు. మీ డయల్ మీద టీ లేవు. గంటల గుర్తుల పక్కన రేడియం చుక్కలు కూడా లేవు, ముళ్ళలో మాత్రం ఉంది. అంటే ముళ్ళు ఇంకో వాచీవి కావచ్చు, లేదా డయల్ మళ్ళీ రాసినప్పుడు చుక్కలు ఎగిరిపోయి ఉండొచ్చు.

ఇక చీకట్లో వెలిగింది అన్నారు చూడండి, అదే పెద్ద సాక్ష్యం. ట్రిటియం సత్తువ 12 ఏళ్ళు దాటగానే సగానికి పడిపోద్ది. యాభై ఏళ్ళ పైబడిన వాచీలో ఇప్పుడు అంతగా వెలగాలంటే అది ఈమధ్య నింపింది అయ్యుండాలి. కొనేటప్పుడు సెల్ టార్చి ముప్పై సెకన్లు కొట్టి చేత్తో కప్పి చూడండి, వెలక్కపోతేనే మనకి సంతోషం.

ఇంకోటి, అద్దం. ఆ కాలం ఒమేగా ప్లాస్టిక్ అద్దాల నట్టనడుమ చీమ తలంత ఒమేగా గుర్తు ఉంటది, మామూలు కంటికి కనపడదు, భూతద్దం పెట్టి వాచీని లైటు కింద వాల్చాలి. లేదంటే అద్దం మార్చారని అర్థం. అద్దం మార్చడం పెద్ద తప్పేం కాదు, కానీ "ఫుల్ ఒరిజినల్" అన్న మాట అక్కడే తగ్గాలి.

పాత_మెషిన్:
నేను సుల్తాన్ బజార్‌లో ముప్పై ఒక్క సంవత్సరం చిన్న బల్ల పెట్టుకుని వాచీలు బాగుచేశాను, ఇప్పుడు చూపు సరిగా లేక మానేశాను. నాని నాయనా, రీడయల్ అనగానే దొంగతనం అనుకోకు. ఎనభైల్లో మా దగ్గరికి జనమే వచ్చి అడిగేవారు, పెళ్ళుంది డయల్ మచ్చలు పడింది కొత్తగా చేయించు అని. నేనే ఎన్ని డయళ్ళు రాయడానికి పంపానో లెక్కలేదు. పాత రంగు మందు పెట్టి తుడిచేసి, కొత్త రంగు కొట్టి, అచ్చు వేసి తెచ్చేవారు. అచ్చు వరసగా పడటానికి కొందరు డయల్ అంచు మీద ఆకురాయితో చిన్న గాటు పెట్టేవాళ్ళు, ఇప్పటికీ మెషిన్ బయటికి తీస్తే ఆ గాటు కనపడద్ది. తేదీ కిటికీ లోపలి అంచున రంగు గడ్డ కట్టి ఉన్నా అదే సంగతి. వానాకాలం మన ఊళ్ళో చెమట, తేమ ఎక్కువ, వాచీ చేతికి పెట్టుకునే స్నానం చేసేవాళ్ళు, డయళ్ళు బతకలేదు, అంతే. తప్పు ఎక్కడుందంటే రాసిన డయల్‌కి రాయని డయల్ ధర చెప్పడంలో ఉంది.

మూత తీస్తే వాటర్‌ప్రూఫ్ పోద్ది అన్నాడంటే అసలు మూత తీయనివ్వని వాడి దగ్గర నోటు తీయొద్దు. ఆ వయసు వాచీకి వాటర్‌ప్రూఫ్ ఎప్పుడో పోయింది, రబ్బరు రింగు రాయిలా అయిపోయి ఉంటది. మూత తీయించు, లోపలి వైపు నంబరు చదువు. అరవైల ఒమేగాల్లో ఆరంకెల నంబరు ఉంటది, మూడంకెలు చుక్క మూడంకెలు. మొదటి మూడు చూడు. 165 అంటే తేదీ లేని ఆటోమేటిక్, 166 అంటే తేదీ ఉన్న ఆటోమేటిక్, 135 అంటే చేత్తో కీ ఇచ్చేది, తేదీ లేనిది. నీ వాచీకి తేదీ ఉంది గనక 166 ఉండాలి. తర్వాత మెషిన్ రంగు చూడు, రాగి రంగులో ఉండాలి, వెండిలా తెల్లగా ఉంటే ఆగిపో. మెషిన్ మీద ఎనిమిదంకెల సీరియల్ ఉంటది, 25 తో మొదలైతే 1967 చుట్టుపక్కల అని లెక్క. పక్కనే మెషిన్ నంబరు, 562 గానీ 565 గానీ ఉండొచ్చు. 565 అయితే కీ చివరిదాకా లాగినప్పుడల్లా తేదీ ఒక రోజు ముందుకి దూకాలి. దూకకపోతే ఆ పార్టు అరిగింది, అది దొరకడం సులువు కాదు.

ఆటోమేటిక్‌లో గుండ్రంగా తిరిగే బరువు ఉంటది కదా, దాని ఇరుసు అరిగితే బరువు వాలిపోయి మూతకి రాసుకుంటది. మూత లోపల వంపుగా గీరుడు గీతలు, మెషిన్ మీద ఇత్తడి పొడి కనపడితే సర్వీసింగ్ కాదు, రిపేరే.

డెక్కన్_డయల్:
పెద్దాయనా మీమీద గౌరవంతోనే అంటున్నా, మీ మాట వల్ల కొత్తవాళ్ళు రీడయల్ పర్లేదు అనుకుంటారు. పాత వాచీలో సగం విలువ డయల్ మొహంలోనే ఉంది. మెషిన్ పార్టులు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి, పోయిన డయల్ తిరిగి రాదు. రేపు డబ్బు అవసరమొచ్చి అమ్మబోతే రీడయల్‌ని చూసేవాడే ఉండడు.

పాత_మెషిన్:
అమ్మేవాడికి నువ్వు చెప్పింది నిజం బాబూ. ఇతను అమ్మడానికి కొనట్లేదు, తండ్రి చేతికి పెట్టడానికి కొంటున్నాడు. ఆయన చూపుకి ఎలా ఉంటదో అది కూడా చూడాలి కదా.

డెక్కన్_డయల్:
ఆయన చేతికి పెట్టేది కాబట్టే ఒరిజినల్ పెట్టమంటున్నా. తాతగారి వాచీ పోయిన బాధ ఉన్న మనిషికి పైపూత వాచీ ఇస్తామా? మచ్చలున్నా పర్లేదు, ఆ మచ్చలు ఆ కాలానివి.

సెకన్ల_ముల్లు:
మధ్యలో వస్తున్నా సారీ, నా సంగతి చెప్తే నానికి పనికొస్తది. రెండేళ్ళ కింద ఆదివారం పొద్దున ఎర్రగడ్డ సంతకి పోయి సీకో 5 కొన్నా, నారింజ రంగు డయల్, ఎంత ముద్దుగా ఉందంటే బేరం కూడా సరిగా ఆడలేదు, 4500 ఇచ్చేశా. ఇంటికొచ్చాక తెలిసింది. సీకో డయల్ అడుగున ఇసుక రేణువుల్లాంటి అక్షరాల్లో ఒక కోడ్ ఉంటది, మొదటి నాలుగంకెలు మెషిన్‌వి, వెనక మూత మీద కూడా అదే నాలుగు ఉండాలి. నా దానికి మూత మీద 7009, డయల్ అడుగున కోడే లేదు, రంగు కింద కప్పేశారు. మూత మీద సీరియల్ మొదటి అంకె సంవత్సరం చివరి అంకె, రెండోది నెల, కానీ ఏ దశాబ్దమో మనమే మోడల్ బట్టి తేల్చుకోవాలి. ఇలా రంగులేసిన వాటిని బాంబే స్పెషల్ అంటారని అప్పుడే విన్నా. ఏడవలేదు గానీ వారం రోజులు దాన్ని డ్రాయరులోంచి తీయలేదు. అందుకే నాని, ముద్దుగా ఉంది అనిపించిన క్షణంలో డబ్బు లెక్కపెట్టకు, బయటికొచ్చి ఒక చాయ్ తాగి మళ్ళీ లోపలికి పో.

హెచ్‌ఎంటీ పైలట్‌లకి కూడా ఇలాగే రంగులేస్తున్నారు చూడండి, ఇప్పుడు ఎరుపు, ఆకుపచ్చ, పసుపు ఎన్ని రంగులో. మా మామయ్య పైలట్ నల్లది, ఆయన కొన్నప్పుడు షాపులో ఈ రంగులేవీ లేవు అంటాడు.

శ్రావణమేఘం:
అందరూ మెషిన్ చెప్పారు, బేరం ఎవరూ చెప్పలేదు. నేను మా నాన్నగారి హెచ్‌ఎంటీ జనతా సర్వీసింగ్ చేయించబోయి ఈ పిచ్చిలో పడ్డాను, ఇప్పటికి పదకొండు కొన్నాను, అన్నీ హైదరాబాద్‌లోనే, కొట్లు, సంతలు, ఇళ్ళల్లో అమ్మేవాళ్ళు. నాని తమ్ముడూ, మొదట ఒక కాగితం మీద లెక్క రాసుకో. బాగున్న ఒరిజినల్ పీసు ఎంతకి పోతోందో మన ఫోరంలో అమ్మకాల థ్రెడ్‌లో గత ఆరు నెలలవి చూసుకో. అడిగిన ధరలు కాదు, "అమ్ముడైంది" అని రాసినవి. అందులోంచి తీసివేతలు మొదలెట్టు. డయల్ రాసింది కాబట్టి ఇంత. ముళ్ళు మారాయి కాబట్టి ఇంత. కీ మీద ఒమేగా గుర్తు లేకపోతే ఇంత. చివరగా సర్వీసింగ్ ఖర్చు, ఎందుకంటే "మొన్నే సర్వీసింగ్ చేయించా" అన్న మాటకి బిల్లు లేకపోతే అది చేయించనట్టే. చివర్లో మిగిలిన అంకె నీ గరిష్ఠం. దాన్ని దాటొద్దు, దాటాలనిపిస్తే ఇంటికొచ్చెయ్.

వెళ్ళేది పొద్దున్నే వెళ్ళు, కొట్టు తీయగానే. బోణీ బేరాన్ని ఏ కొట్టువాడూ వదులుకోడు, హిందువైనా ముస్లిమైనా. ఆదివారం సాయంత్రం రద్దీలో వెళ్తే నీకు మాట్లాడే టైమే ఇవ్వడు. వస్తువుని తిట్టకు, "ఇదేం వాచీ భాయ్" అన్నావంటే ఆయన మనసు మూసుకుపోద్ది. నీ చేతిలో భూతద్దం ఉంచుకుని, చూసినదాన్ని ఆయనకే చూపించి నెమ్మదిగా అడుగు, "భాయ్, ఈ అక్షరం ఇక్కడ ఇట్లా ఎందుకుందో మీరే చెప్పండి". ఆయన నోటితో ఆయన ఒప్పుకున్న లోపం మీదే ధర దిగుద్ది, నువ్వు అరిచిన లోపం మీద దిగదు. నీ అంకె చెప్పాక నోరు మూసుకో. నిశ్శబ్దం భరించలేక మనమే రెండు వేలు పెంచేస్తాం, నేను ఎన్నిసార్లు పెంచానో.

ముఖ్యంగా షష్టిపూర్తి అని, ఫలానా తారీఖు లోపల కావాలి అని మాత్రం చెప్పకు.

నల్లకుంట_నాని:
అక్కా... మొదటి రోజే చెప్పేశాను. తాతయ్య కథ కూడా చెప్పాను.

శ్రావణమేఘం:
సరే పర్లేదు. ఇప్పుడు ఇంకో వాచీ కూడా చూస్తున్నా అని చెప్పు, అబద్ధం కాకుండా నిజంగానే ఇంకోటి చూడు. మొజంజాహీ మార్కెట్ నుంచి చార్మినార్ దాకా ఒక శనివారం నడిచి అడుగుతూ పో. చేతిలో రెండోది ఉన్నవాడి గొంతే వేరు.

లోలకం:
ఒక్కటి కలుపుతా. ఇప్పుడు కొందరు కొట్లవాళ్ళ దగ్గర, లేదా సెల్‌లో కూడా, టిక్‌టిక్ విని రీడింగ్ చూపించే యంత్రం ఉంటోంది. రోజుకి ఎన్ని సెకన్లు తేడా అన్నది ఒక్కటే చూపించి "ప్లస్ ఫైవ్ అన్నా" అంటారు. దాన్ని నమ్మొద్దు, ఆ అంకెని ఎవరైనా ఐదు నిమిషాల్లో సరిచేస్తారు. యాంప్లిట్యూడ్ అని ఉంటది, బ్యాలెన్స్ చక్రం ఎన్ని డిగ్రీలు ఊగుతోందో చెప్పేది. నిండా కీ ఇచ్చి పడుకోబెట్టినప్పుడు 250 పైన ఉంటే ఈ వయసుకి మంచిదే, 200 కంటే దిగితే నూనె ఎండిపోయింది. కానీ ఆ యంత్రంలో లిఫ్ట్ యాంగిల్ అని మెషిన్‌ని బట్టి ముందే పెట్టే ఒక కోణం ఉంటది, అది సరిగా పెట్టాలి, ఈ 560ల మెషిన్‌కి 49 డిగ్రీలు. తప్పు పెడితే యాంప్లిట్యూడ్ కూడా తప్పే చూపిస్తది.

పాత_మెషిన్:
యంత్రం లేనప్పుడు కన్నే. మూత తీసి చూస్తే బ్యాలెన్స్ హాయిగా ఊయల ఊగినట్టు ఊగాలి, చలికి వణికినట్టు వణక్కూడదు.

సెకన్ల_ముల్లు:
ఇంకో జాగ్రత్త, ఫోటోలు చూపించి ముందే యూపీఐ కొట్టమనే వాళ్ళకి ఒక్క రూపాయి కొట్టొద్దు, "వేరే పార్టీ రెడీగా ఉంది" అన్నా సరే.

నల్లకుంట_నాని:
అందరికీ థాంక్స్. గురువారం లీవు పెట్టి పొద్దున పదింటికే పోతున్నా. భూతద్దం కొన్నాను, పది రెట్లది.

(నాలుగు రోజుల తర్వాత)

నల్లకుంట_నాని:
వచ్చాను. కొంచెం పొడుగ్గా రాస్తా క్షమించండి.

షట్టర్ అప్పుడే లేపుతున్నాడు, అగరబత్తి వెలిగించేదాకా పక్కన నిలబడ్డాను. భాయ్ మూత తీయకపోతే నేను కొనలేను, తీస్తే ఈరోజే కొనేంత డబ్బు తెచ్చాను అన్నాను, ఇది లోలకం గారు నిన్న ఫోన్‌లో చెప్పిన మాట. ఒక నిమిషం చూసి తీశాడు. మెషిన్ రాగి రంగే, 565, సీరియల్ 25 తో మొదలైంది. నా గుండె ఎగిరింది. మూత తిప్పి లైటు కింద పెట్టి చదివితే 165. మూడుసార్లు చదివాను. పెద్దాయన చెప్పకపోతే నాకు ఆ అంకె ఏదైనా ఒకటే. భాయ్‌కి చూపించి, తేదీ ఉన్న వాచీకి 165 మూత ఎలా వచ్చింది అని అడిగాను, గొంతు పెంచలేదు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. నిజంగా తెలియదు ఆయనకి, మొహం చూస్తే తెలిసింది. నేను కూడా ఇట్లనే కొన్న అన్నా, నాకు కూడా ఫుల్ ఒరిజినల్ అనే చెప్పిన్రు అన్నాడు. డయల్ కాక, ముళ్ళు కాక ఇప్పుడు మూత కూడా వేరే వాచీది. నేను 28 అన్నాను. ఆయన 46, తర్వాత 41, చివరికి 38 అన్నాడు, తన కొనుగోలే 36 అని. నా కాగితం మీద గరిష్ఠం 30 రాసుంది. ఆ కాగితం జేబులో పట్టుకునే ఉన్నా. నోరు మూసుకుని నిలబడ్డా శ్రావణక్కా, మీరు చెప్పినట్టే. చాలాసేపు. చివరికి సలాం చెప్పి మెట్లు దిగేశాను, చాలా బాధేసింది.

దిగాక వెనక్కి పిలిచాడు. ఇంతకీ మీ తాత వాచీ ఎట్లుండె అని అడిగాడు. నాకు తెలిసింది ఒక్కటే, తాతయ్య రోజూ పొద్దున కీ ఇచ్చేవాడట, నాన్న చెప్పేవాడు. అంటే అది ఆటోమేటిక్ కాదేమో కదా, నాకు అప్పటిదాకా ఈ మాట తట్టనే లేదు. ఆయన బల్ల కిందనుంచి బిస్కెట్ల డబ్బా తీశాడు, అందులో పదిహేను ఇరవై వాచీలు, ఒక్కోటి కాగితంలో చుట్టి. ఒకటి విప్పాడు. సీమాస్టర్, తేదీ లేదు, డయల్ మజ్జిగ రంగుకి తిరిగిపోయి పదకొండు దగ్గర రెండు మచ్చలు, అద్దం నిండా గీతలు. ఎవరూ అడగరు అన్నా దీన్ని, డయల్ పాడైంది, రాయించుదామనుకుంటున్న అన్నాడు. రాయించకండి భాయ్ అని గట్టిగా అనేశాను, ఆయన నవ్వాడు. మూత లోపల 135. మెషిన్ 601, రాగి రంగు. అచ్చు భూతద్దంలో చూస్తే లోలకం గారన్నట్టే బ్లేడుతో కోసినట్టు ఉంది. రేడియం లేదు, ముళ్ళలో లేదు, డయల్ మీద లేదు, రెండూ కలిశాయి. కీ మాత్రం మార్చింది, గుర్తు లేదు. అద్దంలో గుర్తు ఉంది, గీతల అడుగున. 36 చెప్పాడు, కీ ఒకటి సర్వీసింగ్ ఒకటి చూపించి 29,500 కి ఇచ్చాడు. రశీదు మీద లోపలి నంబర్లు, సీరియల్ రాయించుకున్నాను.

ఫోటోలు పెడుతున్నా.

డెక్కన్_డయల్:
ఇది వాచీ. ఆ మచ్చల్ని ఎవరూ తాకకుండా చూసుకో. అద్దం పాలిష్ పేస్టుతో గీతలు పోతాయి, మార్చకు, గుర్తున్న ఒరిజినల్ అద్దం అది. కేసుని మాత్రం పాలిష్ చేయనివ్వకు, నీ దాని కొమ్ముల (స్ట్రాప్ తగిలించే చోటు) అంచులు ఇంకా పదునుగా ఉన్నాయి.

పాత_మెషిన్:
601 గట్టి మెషిన్, పదిహేడు రాళ్ళది. నాయనా, సర్వీసింగ్ అయ్యేదాకా నడిపించకు, ఎండిన నూనె మీద నడిస్తే ఇరుసులు అరుగుతాయి. నాకు తెలిసిన కుర్రాడొకడు ఉన్నాడు, నా దగ్గరే నేర్చుకున్నాడు, విడిగా మెసేజ్ పెట్టు. డయల్ తుడవొద్దని నేను చెప్పానని చెప్పు.

శ్రావణమేఘం:
కాగితం మీద రాసుకున్న అంకెని దాటకుండా మెట్లు దిగావు చూడు, అక్కడే నీ బేరం అయిపోయింది తమ్ముడూ. మిగతాది ఆయన మంచితనం. షష్టిపూర్తికి ఆయనకి ఒక స్వీట్ డబ్బా ఇచ్చిరా.

(మూడు వారాల తర్వాత)

నల్లకుంట_నాని:
నిన్న ఫంక్షన్ అయింది. నాన్న డబ్బా విప్పి ఏం మాట్లాడలేదు, చెవి దగ్గర పెట్టుకున్నాడు, చాలాసేపు. తర్వాత కీ తిప్పుతూ, మా నాయన రేడియోలో వార్తలు మొదలవ్వగానే ఇచ్చేవాడురా, ఇరవై తిప్పులు లెక్కపెట్టి, అన్నాడు. ఈ పొద్దున ఆరున్నరకి లేచి చూస్తే ఆయన వరండాలో కూర్చుని కీ ఇస్తున్నాడు. స్వీట్ డబ్బా కొట్టుకి ఇచ్చాను శ్రావణక్కా, భాయ్ వాచీ ఫోటో అడిగి తీసుకున్నాడు.

పాత_మెషిన్:
నిండా గట్టిపడగానే ఆపమను, బలవంతం చేయొద్దు. రోజూ ఒకటే టైముకి ఇస్తే చాలు. నీళ్ళకి దూరం, చేతులు కడిగేటప్పుడు కూడా తీసేయమను.

నల్లకుంట_నాని:
చెప్తాను సార్. ఒక చిన్న డౌటు, కేసు కొమ్ముల మధ్య కొలిస్తే 18 మిల్లీమీటర్లు వచ్చింది, నాన్నకి తోలు స్ట్రాప్ చెమటకి పడట్లేదు. ఆ కాలంలో మన దగ్గర దీనికి ఏ చైన్ వేసేవాళ్ళు?